పాత ఆఫీసు సర్వర్‌తో ఇంటి స్టోరేజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి ఫొటోలు, పెళ్లి వీడియోలు, నాన్న పొలం పాస్‌బుక్కు స్కాన్లు అన్నీ ఏడెనిమిదేళ్లుగా ఒక పాత టవర్ సర్వర్‌లో (నిలువు పెట్టె, లోపల ఇంటెల్ వాళ్ల సర్వర్ ప్రాసెసర్ జియాన్) ఉంటున్నాయి. దాన్ని చూసినవాళ్లు, దాని గురించి విన్నవాళ్లు నన్ను అడిగేవి తిప్పి తిప్పి ఇవే. ఫోన్లో చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనే ముందు

రెడీమేడ్ నాస్ డబ్బాలు (ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ ఫైళ్లు పంచే చిన్న స్టోరేజ్ పెట్టెలు) దొరుకుతుండగా ఈ పాత సర్వర్ల గోల ఎందుకు?

రెండు డిస్కులతో సరిపోయే ఇల్లయితే నిజంగానే వద్దు. డబ్బా కొనుక్కుని హాయిగా ఉండండి. నాలుగు డిస్కులు దాటినా, ఈసీసీ ర్యామ్ (తనలో వచ్చే చిన్న తప్పులు దిద్దుకునే రకం) కావాలన్నా, చేతులు మురికి చేసుకోవడం ఇష్టమైనా అప్పుడు పాత సర్వర్ లాభం. కంపెనీలు సర్వర్లను మూడు నుంచి ఐదేళ్లకు మార్చేస్తాయి. పాడయ్యాయని కాదు, సపోర్ట్ కాంట్రాక్టు అయిపోయిందనో లీజు తీరిందనో మారుస్తాయి. అందుకే లక్షల్లో కొన్నది వేలల్లో దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఇందులో చవకైనది పెట్టె మాత్రమే. డిస్కులూ కరెంటూ చవక కాదు.

రోజంతా ఆన్‌లో ఉంటే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

బేరానికి ముందే వేయాల్సిన లెక్క ఇది. చాలామంది కొన్నాక వేస్తారు. 100 వాట్ల యంత్రం ఆగకుండా నడిస్తే నెలకు 72 యూనిట్లు. రెండు ప్రాసెసర్ల పాత 2యూ సర్వర్ (ర్యాక్‌లో అడ్డంగా పెట్టే బల్లపరుపు పెట్టె, యూ అంటే దాని ఎత్తు కొలత) ఏ పనీ లేకుండా కూర్చున్నా 130 వాట్ల దాకా లాగుతుంది, అంటే నెలకు దాదాపు 94 యూనిట్లు. ఒకే జియాన్ ఈ3 (జియాన్లలో చిన్న రకం), నాలుగు డిస్కులున్న టవర్ 50 వాట్ల దగ్గర ఉంటుంది, నెలకు 36 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 2యూ సర్వర్‌కి ఏడాదికి 9,000, టవర్‌కి 3,500. అంటే అయిదు వేలు తక్కువకి వచ్చిందని మురిసిపోయి కొన్న పెద్ద సర్వర్ ఆ అయిదు వేలనీ తొలి ఏడాదే మింగేస్తుంది.

ఇంకో మెలిక స్లాబులు. ఆ 94 యూనిట్లు మీ ఇంటి వాడకం పైన చేరతాయి కాబట్టి వాటికి పై స్లాబు రేటే పడుతుంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. 130 యూనిట్లు వాడే ఇంట్లోకి ఈ పెట్టె వస్తే మొత్తం 224 అవుతుంది. అప్పుడు పైనున్న 24 యూనిట్లకే కాదు, బిల్లంతా కట్టాలి.

ర్యాక్ సర్వర్ టవర్ కంటే చవగ్గా ఇస్తామంటున్నారు. తీసుకోనా?

ఎందుకు చవకో ఇంటికి తెచ్చాక తెలుస్తుంది. 1యూ సర్వర్‌లో 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్లు ఉంటాయి. చిన్న రెక్కలు ఎక్కువ గాలి తోయాలంటే విపరీతమైన వేగంతో తిరగాలి. నేను మొదట కొన్నది అదే. రాత్రి పదకొండింటికి ఆన్ చేస్తే, పక్క వీధిలో ఈ వేళప్పుడు పిండిమర ఎవరు ఆడిస్తున్నారని మా అమ్మ లేచి వచ్చింది. వారంలో నష్టానికి అమ్మేశాను. పైగా దీని పొడవు 70 సెంటీమీటర్ల పైనే, మన బల్లల మీద ఇమడదు. విడిగా స్టోర్ రూమ్ ఉన్నవాళ్లు 2యూ దాకా ఆలోచించవచ్చు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి టవరే.

ఎంత పాతదాకా పోవచ్చు?

ఈ3 వర్గంలో మూడో వెర్షన్, అంటే 2013 నాటివి, ఫైళ్లు దాచడానికి ఇప్పటికీ దిట్టంగా సరిపోతాయి. ఈ5 (పెద్ద రకం) అయితే డీడీఆర్4 ర్యామ్ వాడే మూడు, నాలుగు వెర్షన్లు చూడండి (2014, 2016). 2009, 2010 నాటి 5500, 5600 జియాన్లు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా దండం పెట్టి వచ్చేయండి. సినిమాలు టీవీకి తగ్గట్టు మార్చి పంపే పని కూడా దీనితోనే చేయించాలంటే ఈ3లో 1225, 1245, 1275 లాగా చివర 5 ఉన్నవి అడగండి. వాటిలో గ్రాఫిక్స్ ఉంటుంది, చివర 0 ఉన్నవాటిలో ఉండదు. మదర్‌బోర్డు కూడా ఆ గ్రాఫిక్స్‌ని వాడనివ్వాలి, అదీ కనుక్కోండి.

## దుకాణంలో

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి? వెళ్లి ఏం చూడాలి?

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే అందరూ సీటీసీ అనేది, అక్కడ మొదలుపెట్టండి. పై అంతస్తులూ సందులూ కూడా తిరగాలి. బయట ఊళ్లలో అయితే చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్.

పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచేది) వేసుకెళ్లండి. మీ ముందే ఆన్ చేయించి, ర్యామ్ మొత్తం కనిపిస్తోందో లేదో, ఫ్యాన్లు కాసేపటికి నెమ్మదిస్తున్నాయో లేదో చూడండి. బయోస్‌లో (ఆన్ చేయగానే నడిచే బోర్డు ప్రోగ్రామ్) తేదీ ఎప్పుడో పాత ఏడాది చూపిస్తే బెదరొద్దు, సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు, అంతే. డెల్ పెట్టెలకు సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. కంపెనీ సైట్‌లో కొడితే అది ఏ కాన్ఫిగరేషన్‌తో ఎప్పుడు బయటికొచ్చిందో తెలిసిపోతుంది. డిస్కులు పెట్టే ట్రేలు అన్నీ ఉన్నాయా అని లెక్కపెట్టుకోండి. ట్రేలు విడిగా కొనాలంటే బేరంలో తగ్గించింది అక్కడే పోతుంది. ముందు భాగంలో డిస్కులు పెట్టే గూడు 2.5 అంగుళాలదా, 3.5 అంగుళాలదా చూడకుండా డబ్బులివ్వకండి. 2.5దైతే మామూలు పెద్ద డిస్కులు అందులో పట్టవు.

హెచ్‌పీ ప్రోలయంట్ చూస్తుంటే ఒక సంగతి. 2014 నుంచి వాటి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్లకు వారంటీ గానీ సపోర్ట్ కాంట్రాక్టు గానీ ఉండాలనే షరతు పెట్టారు. అమ్మేవాడినే తాజా బయోస్ వేసి ఇమ్మనండి.

సర్వర్ ర్యామ్ చవగ్గా ఉందని కొన్నాను, పెడితే స్క్రీన్ రావట్లేదు. ర్యామ్ పోయిందా?

పోయి ఉండదు, జాతి వేరై ఉంటుంది. ఈ3 బోర్డులకు అన్‌బఫర్డ్ ఈసీసీ కావాలి. స్క్రాప్‌లో గుట్టలుగా దొరికేది ఈ5 సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్. స్లాట్‌లో రెండూ ఒకేలా కూర్చుంటాయి, అందుకే మోసపోతాం. స్టిక్కర్ మీద 12800 అనే అంకె తర్వాతి అక్షరం చూడండి. ‘ఈ’ ఉంటే అన్‌బఫర్డ్ ఈసీసీ, ‘ఆర్’ ఉంటే రిజిస్టర్డ్, ‘యూ’ ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఆ ఒక్క అక్షరం కోసం నేను సీటీసీకి రెండుసార్లు తిరిగాను.

రెయిడ్ కార్డు వేరు, హెచ్‌బీఏ వేరు అంటారు. నేనేం అడగాలి?

రెండూ డిస్కులను బోర్డుకు కలిపే కార్డులే. రెయిడ్ అంటే చాలా డిస్కులను కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చూసే పద్ధతి. ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తోనే చేసే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్, ట్రూనాస్ వాడేది అదే. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేట్టయితే హెచ్‌బీఏ. రెయిడ్ కార్డు డిస్కులను తన వెనక దాచుకుని సిస్టమ్‌కి ఒకే పెద్ద డిస్కులా చూపిస్తుంది. ఏ డిస్కు ఆరోగ్యం ఎలా ఉందో సరిగా కనపడదు. కార్డు పోతే మళ్లీ ఆ కుటుంబం కార్డే వెతుక్కోవాలి. హెచ్‌బీఏ మధ్యలో తలదూర్చదు, డిస్కులను ఉన్నవి ఉన్నట్టు ఇస్తుంది.

ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ, 9207-8ఐ ఈ పనిలో పేరున్నవి. ఐబీఎం ఎం1015, డెల్ హెచ్310 కూడా లోపల 9211లో ఉన్న చిప్పే. వాటికి ఐటీ మోడ్ (డిస్కులను నేరుగా చూపించే) ఫర్మ్‌వేర్ వేస్తే అవీ హెచ్‌బీఏలే. కొత్తవాళ్లు ఫర్మ్‌వేర్ ముందే మార్చిన కార్డు కొనుక్కోండి, ఒక ఆదివారం మిగులుతుంది. 1068ఈ చిప్ ఉన్న ఇంకా పాత కార్డులు మాత్రం వద్దు, 2 టీబీకి మించి డిస్కుని గుర్తించవు.

ఈ కార్డులు సర్వర్‌లో వీచే గాలిని నమ్ముకుని చేసినవి. నెమ్మదైన టవర్‌లో పెడితే మీద ఉన్న హీట్‌సింక్ వేలు పెట్టలేనంత కాలుతుంది. చిన్న ఫ్యాన్ ఒకటి దాని మీదకు కట్టండి.

శాస్ డిస్కులు (సర్వర్ల రకం) శాటా వాటికంటే (ఇంటి కంప్యూటర్ల రకం) సగం ధరకే ఇస్తున్నారు. తిరకాసు ఏంటి?

రెండున్నాయి. ఒకటి, శాస్ డిస్కు మామూలు మదర్‌బోర్డు శాటా పోర్టుకు ఎక్కదు, హెచ్‌బీఏ ఉండాల్సిందే. శాటా డిస్కు మాత్రం శాస్ కార్డుకు నిక్షేపంగా పనిచేస్తుంది. రెండోది అసలైనది. పెద్ద స్టోరేజ్ యంత్రాల్లోంచి తీసిన డిస్కుల్లో కొన్నిటికి ఒక్కో సెక్టార్ (డేటా రాసుకునే చిన్న గడి) 512 బైట్లు కాక 520 బైట్లు ఉంటుంది. అదనపు 8 బైట్లు ఆ యంత్రం తన తనిఖీ లెక్కలకు వాడుకునేది. లినక్స్‌లో పెడితే డిస్కు పేరు కనిపిస్తుంది, సైజు సున్నా.

ఒక దుకాణంలో నాలుగు కొన్నాను, నాలుగూ ఇంతే. అడిగితే ‘మా దగ్గర బాగానే తిరిగాయి సార్’ అన్నాడు. నిజమే, తిరిగాయి. ఎస్‌జీ3 యుటిల్స్ అనే లినక్స్ ప్యాకేజీలోని ఎస్‌జీ ఫార్మాట్ కమాండ్‌తో 512కి మార్చుకోవచ్చు. ఒక్కో డిస్కుకు గంటల తరబడి పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. నేను నాలుగింటినీ రెండు రాత్రుల్లో మార్చాను, ఇవాళ్టికీ మూడు నడుస్తున్నాయి.

వాడిన డిస్కు ఎన్ని గంటలు తిరిగి ఉంటే కొనొచ్చు?

ఏడాదికి 8,760 గంటలు. డేటా సెంటర్ డిస్కు ఆగకుండా తిరుగుతుంది కాబట్టి 40,000 గంటలంటే నాలుగున్నరేళ్లు. నా గీత అక్కడే. గంటలకంటే ముందు చూడాల్సినవి స్మార్ట్ పట్టికలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 5, 197, 198 నంబర్ల వరసలు, అంటే పాడైన చోట్ల లెక్కలు. వాటిలో సున్నా లేకపోతే డిస్కు కింద పెట్టేయండి. శాస్ డిస్కుల్లో ఈ నంబర్లు ఉండవు, గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్ (వాడకంలో పాడైన చోట్ల జాబితా) అని ఒకటుంటుంది, అది చూడాలి.

గంటలు మరీ తక్కువ చూపిస్తే సంతోషించే ముందు అనుమానించండి. 2025 మొదట్లో జర్మనీలో, వాడిన సీగేట్ డిస్కుల స్మార్ట్ గంటలు చెరిపేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. సీగేట్ డిస్కులకు ఫార్మ్ అనే వేరే లాగ్ ఉంటుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. రెండు లెక్కలూ కలవకపోతే ఎవరో చెయ్యి పెట్టినట్టే.

అమెరికా నుంచి మా బావగారు వస్తున్నారు. డిస్కులు తెమ్మననా?

తెమ్మనండి, చేతి సంచిలో, బట్టల మధ్య చుట్టి. అయితే అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో సీరియల్ నంబర్‌తో ముందే చూసుకోండి. చెల్లకపోతే పోయిన డిస్కు బావగారితోనే వెనక్కి వెళ్లాలి. సర్వర్ పెట్టెలు మాత్రం మోయించకండి, ఆ బరువుకి ఇక్కడే రెండొస్తాయి.

## ఇంటికి తెచ్చాక

డిస్కులు పెట్టగానే ఫొటోలు ఎక్కించేయొచ్చా?

వద్దు. వాడిన డిస్కు ఎలాంటిదో మీకు తెలియదు. బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ పనిముట్టుతో డిస్కంతా రాసి, చదివించండి. నాలుగు రకాల నమూనాలు రాస్తుంది, ఒక్కోదాన్నీ తిరిగి చదువుతుంది, అంటే ఎనిమిది చుట్లు. 4 టీబీ డిస్కుకు దాదాపు మూడు రోజులు. అన్నిటికీ ఒకేసారి పెట్టేసి మీ పని మీరు చూసుకోండి. అయ్యాక స్మార్ట్ పట్టిక మళ్లీ చూసి, మొదటిదానితో పోల్చండి. ఈ మూడు రోజుల్లో పోయే డిస్కు దుకాణం టెస్టింగ్ వారంటీలోనే పోతుంది, వెనక్కి ఇచ్చేయొచ్చు. డిస్కు మీద ఉన్నదంతా పోతుందని వేరే చెప్పక్కర్లేదు.

కొత్తగా తెచ్చిన శాటా డిస్కు తిరగనే తిరగట్లేదు. చచ్చిందా?

బతికే ఉండొచ్చు. కొత్త ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో మూడో పవర్ పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పెద్ద సెంటర్లలో దూరం నుంచి డిస్కుని ఆపి మళ్లీ లేపడానికి పెట్టారు. ఇంటి పవర్ సప్లయ్‌లు ఆ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఇస్తూనే ఉంటాయి. కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) సన్నటి ముక్కతో మొదటి మూడు పిన్నులూ కప్పేయండి, లేదంటే మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు) నుంచి శాటాకు మార్చే వైరు వాడండి, అందులో 3.3 లైనే ఉండదు. వైరు కొనేటప్పుడు ప్లాస్టిక్ పోత పోసి అచ్చేసిన రకం కాకుండా, విడి పిన్నులు గుచ్చిన రకం చూసుకోండి. పోత పోసినవి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పెట్టె ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది.

ఇంట్లో ఎర్తింగ్ లేదు, లేదా ఆ ప్లగ్గుకు అందలేదు. పవర్ సప్లయ్ ఫిల్టర్ల నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ ఎర్త్ తీగ గుండా పోవాలి, దారి లేక రేకు మీద నిలుస్తుంది. పాత ఇళ్లలో, ఊళ్లలో ఇది మామూలే. అలాగే వాడకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ వేయించాకే ఆన్ చేయండి.

ఎక్కడ పెట్టాలి? అటక మొత్తం ఖాళీగా ఉంది.

అటక తప్ప ఎక్కడైనా. మే నెలలో స్లాబు కిందున్న అటక ఇంట్లోకెల్లా వేడి చోటు. డిస్కు వేడి 45 డిగ్రీలు దాటకుండా ఉంటే నాకు నిద్ర పడుతుంది. హాల్లో సోఫా వెనక, నేల నుంచి జానెడు ఎత్తులో పీట వేసి పెట్టాను. తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు తగలవు, దుమ్మూ తక్కువ పోతుంది. మూడు నెలలకోసారి బ్లోయర్.

## సాఫ్ట్‌వేర్

ట్రూనాస్, ఓపెన్ మీడియా వాల్ట్, అన్‌రెయిడ్... ఏది వేయాలి?

మూడూ సర్వర్‌ని స్టోరేజ్ పెట్టెగా నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లే. ఒకే సైజు డిస్కులు ఉండి, 8 జీబీకి తగ్గకుండా ర్యామ్ ఉంటే ట్రూనాస్. రకరకాల సైజుల పాత డిస్కులు పోగేసినవాళ్లకి అన్‌రెయిడ్ నప్పుతుంది, దానికి డబ్బు కట్టాలి. డెబియన్ (ఒక రకం లినక్స్) అలవాటున్నవాళ్లకి ఓపెన్ మీడియా వాల్ట్. నేను ట్రూనాస్ మనిషిని, పక్షపాతం దాచుకోను.

నాలుగు 4 టీబీ డిస్కులున్నాయి. మిర్రర్లా, రెయిడ్‌జెడ్2నా?

మిర్రర్ అంటే జతలోని రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా. రెయిడ్‌జెడ్2 అంటే డేటాని అన్ని డిస్కులకూ పరిచి, రెండు డిస్కులంత చోటుని రక్షణకు వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతి. రెండిట్లోనూ మిగిలేది 8 టీబీయే. రెయిడ్‌జెడ్2లో ఏ రెండు డిస్కులు పోయినా డేటా నిలబడుతుంది. మిర్రర్ల జతల్లో ఒకే జతలోని రెండూ పోతే అంతా పోతుంది. కానీ మిర్రర్లయితే పోయిన డిస్కు స్థానంలో కొత్తది త్వరగా నిండుతుంది, తర్వాత రెండేసి డిస్కులు కొని పెంచుకోవడం సులువు. వాడిన డిస్కులతో కడుతున్నారు కాబట్టి నా ఓటు రెయిడ్‌జెడ్2కి. ఒకే లాటులో కొన్న పాత డిస్కులు ఒకదాని వెనక ఒకటి పోయే బుద్ధి కలవి. 12 టీబీ మిగులుతుందని రెయిడ్‌జెడ్1 (ఒక్క డిస్కు పోతేనే తట్టుకునేది) వైపు చూడొద్దు.

రెయిడ్‌జెడ్‌కి ఒక్కో డిస్కు చేర్చే వీలు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో మొదలైంది. అంతకుముందు లేదు. పాత వ్యాసాల్లో ‘కుదరదు’ అని కనిపిస్తే అందుకే.

టీబీకి ఒక జీబీ ర్యామ్ ఉండాల్సిందేనా? ఈసీసీ లేకపోతే డేటా పోతుందా?

రెండూ అతిగా ప్రచారమైనవే. ఇంటి వాడకానికి 16 జీబీ హాయిగా సరిపోతుంది. ఈసీసీ లేకపోతే డేటా పోతుందని ఏం లేదు, ఉంటే ఒక దిగులు తక్కువ. సర్వర్ బోర్డు కొంటున్నప్పుడు అది ఎలాగూ వస్తుంది, వదులుకోవడం దేనికి?

8 టీబీ అన్నారు, 7.2 చూపిస్తోంది. మోసమా?

కాదు. డిస్కు కంపెనీ వెయ్యితో, సిస్టమ్ 1,024తో లెక్కేస్తాయి.

## నడుపుతుండగా

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మళ్లీ యూపీఎస్ ఎందుకు?

ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమై, వెనక మీట యూపీఎస్ మోడ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు సర్వర్ సాధారణంగా రీస్టార్ట్ కాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో సర్వర్ పవర్ సప్లయ్‌లకు పడదు. అసలు సమస్య చివర్లో వస్తుంది. బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ సర్వర్‌కి చెప్పలేదు, మూడు గంటల కోత తర్వాత ఉన్నట్టుండి అంతా ఆరిపోతుంది. యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్ ఒకటి మధ్యలో పెట్టి, ట్రూనాస్‌లో యూపీఎస్ సర్వీస్ ఆన్ చేస్తే బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్ తనంతట తాను పద్ధతిగా మూతపడుతుంది.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫొటోలు కనిపించాలంటే?

రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి ఇంట్లోకి వచ్చే దారులు) తెరవకండి. ఎలాగూ మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల్లో చాలావరకు ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతాయి కాబట్టి తెరిచినా పనిచేయకపోవచ్చు. టెయిల్‌స్కేల్ (మీ పరికరాల మధ్య మాత్రమే రహస్య దారి వేసే యాప్) సర్వర్‌లోనూ వాళ్ల ఫోన్లలోనూ వేసేయండి, పావుగంట పని. 2022లో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) పడింది ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన నాస్‌ల మీదే. సర్వర్‌ని దూరం నుంచి నడిపే ఐడ్రాక్ లాంటి పోర్టునైతే బయటికి అసలే చూపించకండి. పాత డెల్‌లలో దాని ఫ్యాక్టరీ యూజర్ రూట్, పాస్‌వర్డ్ కాల్విన్, ఇది లోకమంతటికీ తెలుసు. తెచ్చిన రోజే మార్చండి.

రెయిడ్ పెట్టాక బ్యాకప్ ఎందుకు?

మా తమ్ముడు ఒకసారి 2019 ఫొటోల ఫోల్డర్ మొత్తం పొరపాటున తుడిచేశాడు. రెయిడ్ ఆ ఆజ్ఞను అన్ని డిస్కుల మీదా బుద్ధిగా అమలు చేసింది. ముందు రాత్రి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచుకున్నది) ఉండబట్టి దొరికాయి. స్నాప్‌షాట్ కూడా అదే పెట్టెలో ఉంటుంది. పిడుగు పడితే, దొంగ ఎత్తుకుపోతే రెండూ ఒకేసారి పోతాయి. మళ్లీ తీసుకోలేని ఫొటోలు, కాగితాలు ఒక యూఎస్‌బీ డిస్కులో వేసి వేరే ఇంట్లో ఉంచండి. మాది సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మారుతుంది: కొత్తది బీరువాలోకి, పాతది మా సంచిలోకి.

ఎర్రర్లు వస్తున్నాయి. డిస్కు మార్చేయాలా?

పెరుగుతున్నది స్మార్ట్ పట్టికలో 199 నంబరైతే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, కేబుల్‌ది. ఊడదీసి మళ్లీ గుచ్చి, తగ్గకపోతే కేబుల్ మార్చండి. ఆ అంకె వెనక్కి రాదు, పెరగడం ఆగిందా అన్నదే చూడాలి. 5, 197 పెరుగుతుంటే డిస్కు మార్చండి.

పాడైన డిస్కుని పాత సామాన్లవాడికి వేసేయొచ్చా?

డేటా తుడవకుండా వద్దు. నేను కొన్న ఒక పాత డిస్కులో ఎవరిదో జీతాల పట్టిక అలాగే ఉంది, నేనే తుడిచేశాను. తిరిగే డిస్కయితే మొత్తం సున్నాలు రాసి ఇవ్వండి. తిరగనిదైతే పళ్లెం దాకా రెండు మూడు రంధ్రాలు డ్రిల్ చేయండి. 3.5 అంగుళాల వాటిలో పళ్లేలు చాలావరకు అల్యూమినియం, కానీ ల్యాప్‌టాప్ డిస్కుల్లో గాజువి ఉంటాయి, పగిలి ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి. తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. లోపలి అయస్కాంతాలు మాత్రం ముందే ఊడదీసుకోండి. మా ఫ్రిజ్ మీద గ్యాస్ బుక్కు ఎన్నేళ్లుగానో వాటితోనే వేలాడుతోంది.